సముద్రం కింద ఉద్దానం

మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే ముందు వచ్చే మాట "నీకెంత?" వయసెంతనో, తోటెంతనో అనుకునేరు. మొన్నటి రక్తపరీక్షలో క్రియాటినిన్, అదే కిడ్నీల లెక్క, ఎంతొచ్చిందని. పిల్లల మార్కులు అడిగినట్టు అడుగుతారు. తక్కువొచ్చినవాళ్ళు కాస్త గొంతు పెంచి చెప్తారు. ఎక్కువొచ్చినవాళ్ళు "పోయిన నెల మీద తగ్గిందిలే" అని అబద్ధమాడి పక్కసందులోకి తిరిగిపోతారు. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం హోరు వినబడేంత దగ్గర ఊరు మాది. చుట్టూ కొబ్బరి, జీడి. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల్ని తూస్తాను, గుడ్లు పంచుతాను, కథలు చెప్పి నిద్రపుచ్చుతాను. నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. నోరు లేకపోతే ఈ ఊళ్ళో ఆడది బతకగలదా, చెప్పండి.

మా ఆయన జబ్బు బయటపడేసరికే చెయ్యి దాటిపోయింది. ఇక్కడి కిడ్నీ జబ్బు అంతే. నొప్పి పెట్టదు, జ్వరం తేదు. అలసటగా ఉందంటే ఎండదెబ్బ అనుకున్నాం. కాళ్ళు పొంగితే తోటలో ఎక్కువసేపు నిలబడ్డాడనుకున్నాం. డాక్టరు రిపోర్టు చూసి "ఇక డయాలసిసే" అన్నాడు. అప్పట్నించి వారానికి మూడుసార్లు పలాస వెళ్ళాలి. మా వీధివాళ్ళూ పక్క ఊళ్ళవాళ్ళూ కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు. పొద్దున్నే వెళ్తే చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మిషన్లోకి తీసి, కడిగి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. మధ్యాహ్నానికి పిండేసిన గుడ్డలా ఇంటికొస్తారు.

సూదులకి ఆయన భయపడలేదు. మాటలు మానేశాడు. అదే నన్ను చంపింది. కొబ్బరిచెట్టు మీద కూర్చుని కిందనున్న నాతో సరసాలాడిన మనిషి. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నేను అరిచాను, ఏడ్చాను, బతిమాలాను. ఉలకడు, పలకడు. మా అమ్మాయి సోంపేట నుంచి వచ్చి రెండు రోజులుండి, "అమ్మా, నాన్నకి జబ్బు ఒంట్లో కంటే లోపలెక్కడో ఎక్కువున్నాది" అని వెళ్ళిపోయింది. ఆ లోపలెక్కడో ఏ స్కానింగులో కనబడుతుందో ఎవరూ చెప్పలేదు.

ఆటోలో వచ్చే ఒకావిడ టెక్కలి అవతల కొండకింద ఉండే మాస్టారి సంగతి చెప్పింది. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన ఆయన. ఆకుపసర్లిస్తాడు, ఊపిరి పట్టడం నేర్పుతాడు, ఇంకేదో ఊహలతో వైద్యం చేస్తాడని అంది. నాకు అలాంటివి నమ్మకం లేదు. అయినా తీసుకెళ్ళింది నేనే. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఎవరైనా ఇటు తిప్పితే చాలనుకున్నాను.

రేకుల షెడ్డు, కింద ఈతాకు చాపలు. మాస్టారు బక్కపల్చటి మనిషి, మెడలో మఫ్లరు. మిషను మానొద్దని ముందే చెప్పాడు. గలిజేరాకు కషాయం ఒక సీసాలో పోసిచ్చాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకోమన్నాడు.

"ప్రతి మనిషికీ జబ్బంటని చోటొకటి లోపల ఉంటుంది బాబూ. దాన్ని ఊహించు. రోజూ ఒకసారి అక్కడికెళ్ళి రా. ఒళ్ళు దాన్ని చూసి నేర్చుకుంటుంది" అన్నాడు.

మా ఆయన చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఏం కనబడిందని మాస్టారు అడిగితే, "ఆస్పత్రి గోడకి అంటించిన బొమ్మ అగుపించింది మాస్టారూ. సిక్కుడు గింజలాగుంటాది, అదీ" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మాస్టారికి కోపం రాలేదు. తను రాసిన చిన్న పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. ఒకడు జబ్బుపడి, ఒళ్ళు వదిలి, వెలుగు కొండెక్కి, జ్ఞానం పొంది తిరిగొచ్చే కథ.

తిరుగు బస్సులో ఆయన ఆ పుస్తకం చదివాడు. కాశీబుగ్గ వచ్చేలోపు అయిపోయింది. దిగేముందు పుస్తకం నా ఒళ్ళో పడేసి, "ఈ కత బాగోనేదే" అన్నాడు.

నెలల తర్వాత తనంతట తను ఎత్తిన మాట అది.

"కొండంతా ఎలుగేనట. ఎలుగు తప్ప ఇంకేటీ నేదు. అక్కడోలు ఏటి తింతారు? నీలు ఎక్కడ్నించి తోడుకుంతారు? అదేటీ సెప్పడు. నాను సెప్పినా ఇంతకన్నా బాగా సెప్తాను" అన్నాడు.

"సెప్పు మరి, ఎవులొద్దన్నారు" అన్నాను. బస్టాండులో నిలబడి ముక్కు చీదుకుంటున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాను.

పెళ్ళికి ముందు ఆయన కాశీబుగ్గలో అద్దెకిచ్చే నవలలు బస్తాలకొద్దీ చదివాడని మా అత్త చెప్పేది. మాంత్రికులు, పాతాళ గుహలు, మాట్లాడే పాములు. అవన్నీ ఎక్కడ దాచుకున్నాడో, మర్నాడు అరుగుమీద కూర్చుని ఫోనులో రికార్డు చేస్తూ కథ చెప్పడం మొదలెట్టాడు. ఒళ్ళంతా నీరుపట్టిన మనిషొకడు తెప్పమీద వెళ్తూ ఆ బరువుకి మునిగిపోతాడు. సముద్రం అడుగున కళ్ళు తెరిస్తే అక్కడ ఇంకో ఉద్దానం ఉంటుంది. ఇవే సందులు, ఇవే తోటలు. బావుల్లో నీళ్ళు మాత్రం తీపి. మన ఊళ్ళల్లో ఈ జబ్బుతో పోయినవాళ్ళంతా అక్కడ కొబ్బరి ఒలుచుకుంటూ, జీడిపిక్కలు ఎండబెట్టుకుంటూ కనబడతారు. ఎవరూ ఎవరినీ "నీకెంత?" అని అడగరు.

చెప్పిన ముక్క చెప్పినట్టు డయాలసిస్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మిషను మీద పడుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్ళు. ఒకావిడ వాంతుల సంగతి మర్చిపోయానంది. ఇంకొకాయన, చచ్చిపోయిన తన తమ్ముణ్ణి కూడా ఆ ఊళ్ళో ఒక ఇంట్లో పెట్టమని బతిమాలాడు. మా ఆయన పెట్టాడు. ఆటోలో వెళ్ళేటప్పుడు ఇదే గోల. నాకు పనుందని, వినడం లేదని అనేదాన్ని. వంటింటికీ అరుగుకీ మధ్య ఉన్నది కిటికీ ఒక్కటే. నేను పోపు వేస్తున్నా ఆయన గొంతు లోపలికొచ్చేది.

ఆ కథ ఆయన్ని బాగుచేసిందా అంటే, నేను చూసినంతవరకూ చేసింది. గోడ వదిలి ఇటు తిరిగాడు. ఆకలి వేసింది. నా కూరలో ఉప్పు లేదని దెబ్బలాడాడు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని ఎంత చెప్పినా దెబ్బలాడాడు. ఓలమ్మా, ఆ దెబ్బలాటకి నేనెంత సంబరపడ్డానో ఎవరికి చెప్పను! నెలకోసారి టెక్కలి వెళ్ళి మాస్టారికి కథ వినిపించేవాడు. ఆయన చాపమీద కూర్చుని చిన్నపిల్లాడిలా వినేవాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత కథ అడ్డం తిరిగింది. సముద్రం కింద ఊళ్ళో లోపలి వీధి ఒకటుందట. అందులోకి వెళ్ళినవాడికి ఇక ఏ జబ్బూ ఉండదు. గుమ్మం దగ్గర కాపలా ముసలిది, "నీ సేతిలో ఇనప ముల్లులున్నాయి. అయ్యి తీసీసి రా" అంటుంది. కథలో మనిషి మిషను సూదులు పీకి అవతల పారేస్తాడు. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మాస్టారు భేష్ అన్నాడు.

ఆ తర్వాతి డయాలసిస్ రోజు ఆటో వచ్చి హారన్ కొడుతుంటే మా ఆయన అరుగుమీంచి లేవలేదు.

"నాను రాను. ఆలని ఎల్లమను" అన్నాడు.

"ఒంట్లో బాగోనేదా మావా?"

"బాగున్నాది. అందుకే రాను. ఇక మిషను అక్కర్నేదు."

"మాస్టారు సెప్పినాడా?"

"మాస్టారు సెప్పనేదు. నాకే తెలిసింది. రోజూ ఆ ఊరెల్లొస్తన్నాను గదా. ఒల్లు తేలికైపోనాది. నీకు తెల్దులే."

నాకు కోపమొస్తే ఆగదు. సచ్చినోడా అన్నాను. కతకీ బతుక్కీ తేడా తెల్దా అన్నాను. వీధంతా విన్నారు. ఆటోలో ఉన్నవాళ్ళు దిగొచ్చి చెప్పారు. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. మిషను మానేసినవాళ్ళు ఎన్నాళ్ళుంటారో మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. వెళ్ళకపోతే మా ఆయన చచ్చిపోతాడు. ఇందులో దాపరికమేమీ లేదు. ఆటో వెళ్ళిపోయింది. తర్వాతిసారీ అలాగే వెళ్ళిపోయింది. అమ్మాయి ఫోనులో ఏడ్చింది. డయాలసిస్ సెంటరు నుంచి ఫోను చేశారు. ఆయన అందరికీ మర్యాదగానే సమాధానం చెప్పాడు. కథ మాత్రం ఆపలేదు.

నేను అంగన్‌వాడీకి వెళ్ళిన ఒక పూట ఆయన పెదనాన్న కొడుకులు చూడ్డానికొచ్చారు. మా వైపు ఒక అలవాటుంది. జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు కొబ్బరిబొండాలు దింపి, కొట్టి తాగిస్తారు. బావినీళ్ళమీద అనుమానం, బోరునీళ్ళమీద అనుమానం, టాంకు నీళ్ళమీదా అనుమానమే. ఏ నీళ్ళవల్ల ఈ జబ్బొచ్చిందో తెలియని ఊళ్ళో అందరూ కళ్ళు మూసుకుని నమ్మేవి చెట్టు పైనున్న నీళ్ళే. చెట్టు వడకట్టి ఇచ్చింది గదా అని. కిడ్నీలు పోయినవాళ్ళకి కొబ్బరినీళ్ళు విషమని డయాలసిస్ దగ్గర మొదటిరోజే చెప్పారు. అందులో పొటాషియం ఉంటుంది, అది ఒంట్లోంచి పోదు, గుండెని పట్టేస్తుంది. మా ఆయనకి తెలుసు. "మన సెట్టు నీలు మనకేటి సేత్తాయి" అని ఒకటి తర్వాత ఒకటి తాగాడట. పైన కషాయం. నేను వచ్చేసరికి కొట్టిన బొండాం డొక్కలు పెరట్లో పడున్నాయి.

తెల్లారి మంచం మీంచి లేవబోతే కాళ్ళు రాలేదు. నాలిక మందంగా ఆడుతోంది. ఛాతీమీద చెయ్యేస్తే గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. వీధివాళ్ళు ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. పలాసలో సూది వేసి అంబులెన్సులో శ్రీకాకుళం పంపారు. అక్కడ డాక్టరు నన్ను అడిగిన మొదటి మాట, "బొండాం తాగారా?" మా వైపు నుంచి వచ్చేవాళ్ళని ముందు అదే అడుగుతారట. తలూపాను. అరవడానికి ఎవరున్నారక్కడ? ఆయనకి స్పృహ లేదు.

మిషను పెట్టారు. గుండె దారికి రావడానికి టైము పడుతుందన్నారు, గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. ఐసీయూలో మధ్యాహ్నం కాసేపు లోపలికి పంపారు. నర్సమ్మ, "ఏదైనా మాట్లాడండమ్మా, వినబడొచ్చు" అంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. నాకు మాట రాలేదు. నమ్మండి, నాకు! తిడదామంటే ఆ ముఖం చూసి తిట్టు రాలేదు. దేవుణ్ణి మొక్కుదామంటే ఏ దేవుణ్ణి ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. చివరికి నోట్లోంచి వచ్చింది ఆయన కథ. ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి. విననే లేదని చెప్పుకున్నదాన్ని, ప్రతి సందూ, ప్రతి ఇల్లూ గుర్తుంది.

"ముల్లులు తీసీసి లోపలి వీదిలోకి ఎల్లినాడు మావా" అన్నాను.

తర్వాత ఏం చెప్పాలో అనుకోలేదు. అంగన్‌వాడీలో పిల్లలకి చెప్పే కథ నేను కడతాను, ఎటు తిప్పాలో నాకు తెలుస్తుంది. ఇది అలా లేదు. నాకు కనబడింది. ఐసీయూ గోడ కనబడుతూనే ఉంది, మిషను టిక్కుటిక్కుమంటూనే ఉంది, దానితోపాటు ఆ వీధీ కనబడింది. ఆకుపచ్చ వెలుతురు. ఇసకలో పాదాల గుర్తులు. ఒక ఇంటి ముందు పీటమీద కూర్చుని మా అత్త కొబ్బరి కోరుతోంది. ఆవిడా ఇదే జబ్బుతో పోయింది, పలాసలో ఇంకా మిషన్లు రాని రోజుల్లో. ఒళ్ళు దురదపెట్టి, నీరు పట్టి, అన్నం సయించక పోయింది. నేనే సేవ చేశాను ఆవిడకి. ఆ వీధిలో ఆవిడ కొడుకుని చూసి కోరాం పక్కనపెట్టి లేచింది. సంతోషపడుతుందనుకున్నాను. మండిపడింది. నా నోటితోనే, అచ్చం ఆవిడ గొంతులా అంది:

"ఎందుకొచ్చినావురా ఇక్కడికి? నాకు మిషను నేక వొచ్చినాను. నీకున్నాది గదా!"

ఆ మాట నేను కట్టింది కాదు. ఇన్నేళ్ళు మా అత్త చావుకి కర్మ అన్నాం, విధి అన్నాం, ఆవిడకి మిషను లేదు అని ఎవ్వరమూ అనుకోలేదు. మా అత్త వంగి, ఆయన పారేసిన సూదులు ఇసకలోంచి ఏరి, కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది. అంతవరకు చెప్పాను. టైమైందని నర్సమ్మ వచ్చింది. బయట బెంచీమీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. నాకు ఈ మనిషి కావాలి. అంతకుమించి ఏ జ్ఞానమూ నాకు రాలేదు.

రెండు రోజులకి ఆయన కళ్ళు తెరిచాడు. నీళ్ళడిగాడు, నాలిక తడిపాను. "అమ్మ అగుపించిందే" అన్నాడు. "తిట్టింది" అన్నాడు. నేను చెప్పింది విన్నాడో, తనే చూశాడో నాకు తెలియదు. అడగలేదు. కొన్ని అడిగితే చిన్నవైపోతాయి.

వార్డులోకి మార్చాక అమ్మాయిని కూర్చోబెట్టి నేను టెక్కలి వెళ్ళాను. మాస్టార్ని కడిగెయ్యాలని దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆయన షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు.

"మిషను మానమని నేను అనలేదమ్మా. కానీ కథలో మానేస్తే భేషన్నాను. అది మానమనడమే" అన్నాడు.

"మీకెలా తెలుస్తాది మాస్టారూ, మీ ఒల్లు బాగున్నాది" అన్నాను.

ఆయన పంచె కొంచెం పైకెత్తి చూపించాడు. పాదాలు పొంగి ఉన్నాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడుతుందని చూస్తేనే తెలుస్తోంది. పరీక్ష చేయించుకోవాలంటే భయమట. ఆ వెలుగు కొండ కథ ఎందుకు రాశాడో అప్పుడర్థమైంది. పేర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి. మర్నాడే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోమని, కషాయం ఆపమని, లేకపోతే మళ్ళీ వచ్చి రభస చేస్తానని చెప్పి వచ్చేశాను. చేయించుకున్నాడు. ఇప్పుడు మందుల మీదున్నాడు.

మా ఆయన కిడ్నీలు బాగుపడ్డాయా అని అడిగేవాళ్ళున్నారు. బాగుపడలేదు. ఊహతో బాగుపడవు, ఆకుతో బాగుపడవు. ఊహతో బాగయ్యేది వేరే ఉంది. దానికి ఏ పరీక్షలోనూ నంబరు రాదు. అది పోయినప్పుడు మనిషెలా ఉంటాడో గోడవైపు తిరిగిన ఆ నెలల్లో చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇంటికొచ్చాక మొదటి డయాలసిస్ రోజు. శ్రీకాకుళంలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళే తీసుకెళ్ళి మిషను పెట్టారు, ఆయన ఇష్టంతో పనిలేకపోయింది. ఇక్కడ ఆయన కాళ్ళు ఆయనవి. బలవంతం చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున్నే లేచి, స్నానానికి నీళ్ళు పెట్టి, ఇడ్లీ వేసి, ఏమీ అనకుండా వంటింట్లో కూర్చున్నాను. అనకుండా కూర్చోవడం ఎంత కష్టమో! ఆయన అరుగుమీద చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లోపలికొచ్చి, పొట్టిచేతుల చొక్కా వేసుకుని, "ఆటో ఇంకా రానేదేటే?" అన్నాడు. నేను పొయ్యివైపు తిరిగి, వస్తాదిలే అన్నాను.

ఆ రోజు నేనూ ఆటో ఎక్కాను. అందరూ కథలో తర్వాత ఏమైందని అడిగారు. వాళ్ళమ్మ సూదులిచ్చి పంపేసిందని ఆయన చెప్పాడు. పలాస దగ్గరపడుతుండగా ఆయన నావైపు వంగి మెల్లిగా అడిగాడు.

"నువ్వు సెప్పిన కతలో ఆడికి పెల్లాం ఉన్నాదేటే?"

"ఉన్నాది."

"ఏటి సేత్తన్నాది?"

"ఒడ్డుమీద నిలబడి తిడతన్నాది."

ఆయన నవ్వాడు. పలాసలో ఆటో ఆగింది. లోపలికెళ్ళి మంచమ్మీద పడుకుని, సూదులు పెట్టే అమ్మాయికి తనే చెయ్యి చాపాడు. మొదటి సూది దిగుతుంటే నావైపు చూసి, "అయితే ఆడు ఎనక్కొచ్చీత్తాడులే" అన్నాడు.